మిల్లు గోడదాకా

గౌరినాయుడు రాసిన నాటకాన్ని విన్నవాళ్ళంతా మెచ్చుకున్నారు, ఒక్క గురువుగారు తప్ప. అదే అతని బాధ.

ఆ ఊరి కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన విశ్వపతి మాస్టారు ఆదివారాలు తన వసారాలో కొందరు కుర్రాళ్ళకి నాటకం గురించి చెప్పేవారు. ఒక అమెరికా నాటకకర్త అంటే ఆయనకి ప్రాణం. రాజులూ వీరులూ లేని విషాదాలు రాసి లోకమంతా పేరు తెచ్చుకున్నవాడతను. ఆ నాటకాల్లో కూలిపోయేవాళ్ళు గుమాస్తాలు, రేవుకూలీలు, కన్నబిడ్డల ముందు తలెత్తుకోలేని తండ్రులు. మాస్టారు వాటిని అప్పటికప్పుడు తెలుగు చేస్తూ చదువుతుంటే గౌరినాయుడికి ఒళ్ళు జలదరించేది.

ఆ ఊపులోనే తనూ ఒకటి రాశాడు. ఊళ్ళోని జూట్ మిల్లు మూతపడి పని పోయిన ఓ ముసలి కార్మికుడి కథ. సైరన్ మోగకపోయినా రోజూ తెల్లారకముందే లేచి, చొక్కా తొడుక్కుని కూర్చుంటాడా మనిషి. చివరికి తాడు పట్టుకుని మిల్లు గోడ దగ్గరికి వెళ్తాడు. ఊరంతటినీ నిలదీస్తూ పెద్ద ఉపన్యాసమిచ్చి ప్రాణం తీసుకుంటాడు. అది విని స్నేహితులు కళ్ళు తుడుచుకున్నారు.

మాస్టారు మాత్రం అంతా విని, "ఈయన చావాలా?" అన్నారు.

"చావకపోతే విషాదం ఎలా అవుతుంది మాస్టారూ? రాజైతే బతికున్నా కథే. ఇలాంటివాడు బతికుంటే ఎవరు పట్టించుకుంటారు?"

"వచ్చే ఆదివారం మీ ఇంటికి భోజనానికొస్తాను. ఈ కాగితాలు అక్కడే ఉంచు" అన్నారు మాస్టారు.

గౌరినాయుడి తండ్రి సన్యాసినాయుడు ఆ మిల్లులోనే మగ్గాల మీద పనిచేసినవాడు. అది మూతపడ్డాక ఇంట్లో కూర్చున్నాడు. నార దుమ్ముకి దగ్గు పట్టుకుంది, మాట తగ్గిపోయింది. ఆదివారం భోజనాలయ్యాక ఆయన నులకమంచం మీద, మాస్టారు కుర్చీలో కూర్చున్నారు.

"ఏదీ, నాటకం చదువు" అన్నారు మాస్టారు.

గౌరినాయుడు తండ్రి వైపు చూశాడు. "ఇక్కడా మాస్టారూ?"

"ఇక్కడే."

అతను లోగొంతుకతో మొదలుపెట్టాడు.

"గట్టిగా చదువు. మీ నాన్నగారికి వినబడాలి."

తెల్లారకముందే లేచి చొక్కా తొడుక్కునే ముసలాయన దగ్గరికి వచ్చేసరికి తండ్రి కాళ్ళు మంచం మీదికి లాక్కున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. తల్లి వచ్చి గుమ్మంలో నిలబడింది. స్నేహితుల ముందు ఖంగుమన్న మాటల్నే ఇక్కడ తలెత్తకుండా గబగబా చదివేశాడు. నాటకంలో ముసలాయన తాడు తీసుకుని గడప దాటాడు. మిల్లు గోడ దగ్గరికి చేరాడు. అక్కడ గౌరినాయుడు ఆగిపోయి మాస్టారి వైపు చూశాడు. ఆయన నేల చూస్తున్నారు.

"ఆగిపోనావేటి? సదువు" అన్నాడు తండ్రి.

"తర్వాతది సరిగ్గా కుదర్లేదు నాన్నా."

సన్యాసినాయుడికి దగ్గుతెర వచ్చింది. అది తగ్గాక ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "గోడదాకా ఎల్నాడు. అది నిజిమే. మరి తిరిగొచ్చీసినాడు కదా, అది రాయనేదేటి?"

ఆ మాట గౌరినాయుడికి వెంటనే తలకెక్కలేదు. ఎక్కాక చేతిలో కాగితాలు బరువైపోయాయి. తల్లి ద్వారబంధం పట్టుకుంది. ఆవిడకీ అప్పుడే తెలిసింది.

"ఎప్పుడు నాన్నా?"

"పోయిన వానల్లో."

"మరి... ఎందుకు తిరిగొచ్చావు?"

తండ్రి నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు ఆలోచించాడు.

"ఏమో నాయినా. ఆకలేసినాది. ఇంటికొచ్చీసినాను. మీయమ్మ అన్నం ఎట్టింది. తిన్నాను. మర్నాడు మళ్ళీ తెల్లారిపోనాది."

మాస్టారు లేచి, సన్యాసినాయుడికి రెండు చేతులూ జోడించి బయటికి నడిచారు. గౌరినాయుడు వెనకాలే వీధిలోకి పరిగెత్తాడు.

"మాస్టారూ, ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

ఆయన మొహం పాలిపోయి ఉంది. "తెలీదు. తెలిస్తే చదివించేవాణ్ణి కాదేమో" అన్నారు. వెళ్ళిపోయారు.

గౌరినాయుడు లోపలికి వచ్చేసరికి తల్లి కంచంలో మళ్ళీ అన్నం వడ్డించి మంచం దగ్గరికి తీసుకొచ్చింది. తండ్రి తలెత్తి ఆవిణ్ణి చూశాడు. ఇప్పుడేగా తిన్నానని ఆయన అనలేదు. కంచం ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా ఒక్కో ముద్దా తినసాగాడు. ఆవిడ పక్కనే నిలబడి, కంచం ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

గౌరినాయుడు గుమ్మం దగ్గరే కూలబడి, వాళ్ళిద్దర్నీ చూస్తూ ఉండిపోయాడు.