పిలుపులమ్మ దిబ్బ మీద అరవై రెండు పేర్లు

వెలిచెర్ల సరస్సు నడుమ, రేవు నుంచి పడవలో గంట ప్రయాణం దూరాన, పిలుపులమ్మ తల్లి కొలువున్న దిబ్బ ఉంది. ఈ గుడికి గంట లేదు. భక్తులు ఇక్కడ పేర్లు పెట్టి పిలుస్తారు. ఆ ఆచారం ఎలా వచ్చిందో, ఈ సరస్సును గుక్క తిప్పుకోకుండా మూడుసార్లు ఈదినవాణ్ణి, ఈ గుడి పూజారిని, ముంగర చినపోలయ్యను నేను చెబుతున్నాను.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఒక రాయి ఉండేది. పూర్వమంటే ఏ యుగమో కాదు, ముప్పై ఎనిమిదేళ్ల కిందట. మాఘమాసంలో ఒక మిట్టమధ్యాహ్నం అరవై రెండు మందితో పోతున్న విమానం మా నెత్తిమీదే మబ్బులో దూరింది. అవతలికి రాలేదు. చప్పుడు లేదు, పొగ లేదు.

మర్నాడు పెద్ద ఆఫీసరు వచ్చాడు. చూసింది చెప్పాను. "కొంగల గుంపును చూసుంటావులే" అన్నాడు. రెక్క చప్పుడు విని పిట్ట వయసు చెప్పే నాకు, కొంగకీ విమానానికీ తేడా తెలియదట. తొమ్మిది రోజులు మోటారు బోట్లలో షికారు చేసి, వెతుకులాట ముగిసిందని రేవులో కాగితం అంటించి పోయారు.

మేం పోలేదు. మనిషి నీళ్లలో ఉండగా జాలరి వల వెయ్యడు. పొయ్యిలు ఆరిపోయినా సరే, వలలు దండెం మీద పెట్టి నలభై రోజులు గాలించాం. సరస్సు అడుగున నా గెడ తగలని జానెడు నేల లేదు. అమ్మవారు కలలో కనబడి చెప్పిందా అని భక్తులు అడుగుతుంటారు. కల రావాలంటే ముందు నిద్రపోవాలి.

అప్పుడు వకుళ వచ్చింది. ఆమె భర్త పరాంకుశం ఆ విమానంలో ఉన్నాడు. ఆమె చేతిలో ప్రయాణికుల జాబితా ఉంది.

"పోయాడని రాసివ్వరు, వెతకమంటే వెతకరు. ఆయన్ని ఏమనుకోమంటారు?" అంది.

మా రేవులో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం పడవలు తిరిగొచ్చాక రేవుపెద్ద ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవాలి, వాళ్లు "వచ్చా" అనాలి. రానివాడి పేరు మర్నాడూ పిలుస్తాం. అప్పటి రేవుపెద్ద మా అత్త కన్నెమ్మ. ఆమెకు చదువు రాదు.

"నువ్వు చదువమ్మా, నేను పిలుస్తా. మా నీళ్లలో తప్పిపోయినోళ్లు మా రేవోళ్లే. రానోడి పేరు కొట్టేసే అలవాటు మాకు లేదు" అంది.

దిబ్బ మీద రాయి ముందు నిలబడి అరవై రెండు పేర్లూ పిలిచింది. ఆనాటి నుంచి ఆ రాయి పిలుపులమ్మ.

నేటికీ ఏటా మాఘంలో అదే రోజున భక్తుడికొక పేరు ఇస్తాం. పిలిచి, జవాబు కోసం పది ఊపిరులు ఆగాలి. అలా పిలిచినవారికి, తమ ఇంట తప్పిపోయిన మనిషి కబురు అందుతుందని నమ్మకం. నిరుడు ఆ ఆఫీసరూ చేతికర్రతో వచ్చాడు. పేరు ఇచ్చాను. చేతికర్ర పక్కన పెట్టి రాయి ముందు నిలబడ్డాడు.

"కొంగలకి పేర్లుంటాయా బాబూ" అని మాత్రం అడిగాను.

పరాంకుశం పేరు ఎవరికీ ఇవ్వం. దాన్ని చివర వకుళమ్మే పిలుస్తుంది. ఆమె పది ఊపిరులతో సరిపెట్టుకోదు, పొద్దు వాలేదాకా ఆగుతుంది. గాలి కోసం కూడా ఏనాడూ ఆగని నా పడవ, ఆమె కోసం ఆగుతుంది.