గోళీలు మింగిన మందుసీసా

చింతలమెరకలో ఉన్న తెలివంతా తమ ఇంటి గోడల మధ్యే ఉందని ఆ ముగ్గురన్నదమ్ముల నమ్మకం. పెద్దవాడు పైడయ్య, నడిమివాడు అప్పలకొండ, చిన్నవాడు సన్నిబాబు. వానలో గొడుగు తడిసి పాడైపోతుందని దాన్ని ఇంట్లోనే వేలాడదీసి, తాము తడుస్తూ బజారుకెళ్ళేవాళ్ళు. ఎవరైనా నవ్వితే, పాపం, వస్తువు విలువ తెలియని జనం అని జాలిపడేవాళ్ళు.

వాళ్ళ మేనమామకి ఫోటో స్టూడియో ఉండేది. నలుపు తెలుపు ఫోటోల రోజులవి. ఆయన కాశీకి వెళుతూ కొట్టు వీళ్ళకి అప్పజెప్పాడు. రీలు కడిగి బొమ్మ తేల్చే మందుపొడి మూడు పొట్లాలు చూపించి నెమ్మదిగా చెప్పాడు. దీన్ని కలిపే నీళ్ళలో నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండకూడదు, మరిగించి చల్లార్చి కలపండి. కలిపాక గాలి తగలనివ్వకండి. సీసా మెడదాకా నిండుగా ఉండాలి, మందు తగ్గితే గోళీలు వేసి మట్టం పైకి తెండి. అలా చూసుకుంటే మూడు నెలలు బతుకుతుంది, కాఫీ రంగుకి తిరిగిందా, చచ్చినట్టే. చిటికెడు పొడికి ఎంత మడో చూడండి. ముగ్గురూ తలలూపారు. తలలూపడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు.

మేనమామ వెళ్ళేముందు తీసిన ఆఖరి ఫోటో గైరమ్మది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కెమెరాకి మొహం చాటేసిన ముసలమ్మ. ఇప్పుడు కళ్ళకి శుక్లాలు ముదురుతున్నాయి. చూపు పోయేలోగా తన మొహం ఒక్కసారి కాగితం మీద చూసుకోవాలని ముచ్చటపడింది. ఈ ఒక్కసారే కూర్చుంటాను, కాళ్ళు పట్టుకున్నా మళ్ళీ కూర్చోనని ఒట్టేసి మరీ కూర్చుంది. ఆ రీలే వీళ్ళు కడగాలి.

సరే, నూతినీళ్ళు పొయ్యిమీద పెట్టారు. మరిగేకొద్దీ గిన్నె అంచున తెల్లగా ఉప్పు పొక్కు కట్టింది. చూశారా, ఇంకా ఏదో ఉందన్నాడు పైడయ్య. ఇంకా మరిగించారు. పొక్కు ఇంకా పెరిగింది. ఇంకా మరిగించారు. చివరికి పైడయ్య తొంగిచూసి, ఇప్పుడిందులో ఏమీ లేదన్నాడు.

"నీళ్ళు కూడా లేవన్నయ్యా" అన్నాడు సన్నిబాబు.

"శుద్ధి అంటే అదేరా."

ఆ శుద్ధిలో పొడి పోస్తే మాడు కంపు కొట్టింది. అటుగా వెళుతున్న బ్యాటరీల కొట్టాయన ముక్కు మూసుకుని లోపలికొచ్చి, సంగతి విని, బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్ళు ఒక డబ్బా ఇచ్చి పోయాడు. రెండో పొట్లం ఆ నీళ్ళలో కలిపి సీసాలో పోశారు. ఇక గాలి తగలకూడదు కదా, ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఇంకేముంది, సన్నిబాబు కళ్ళు తేలేసి సీసా మీద పడ్డాడు. కొంత మందు ఒలికింది.

తగ్గింది కాబట్టి గోళీ వేశారు. మట్టం పెరిగింది. ఇంకోటి వేస్తే పొంగి కింద పోయింది. పోయిందంటే తగ్గినట్టే కదా, మళ్ళీ గోళీ. అంతే, వీధిలో పిల్లల జేబులన్నీ ఖాళీ అయ్యాయి. సీసా మెడదాకా గోళీలే, సందుల్లో ఎక్కడో మందు. మూత పెట్టమని మామయ్య చెప్పలేదు కనుక పెట్టలేదు. రెండు రోజుల్లో మందు కాఫీ రంగుకి తిరిగింది.

చచ్చినట్టే అన్నాడుగా మామయ్య. ముగ్గురూ తలస్నానాలు చేసి, కొట్టు మూసి, దిగులుగా అరుగు మీద కూర్చున్నారు. గైరమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"మైలలో ఉన్నాం మామ్మా" అన్నాడు పైడయ్య.

"అయ్యో నాయనా, ఎంత వయసు?"

"మూడు నెలలన్నా బతుకుతుందన్నాడు మామయ్య. మూడు రోజులు కూడా బతకలేదు."

గైరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "పసిగుడ్డు. గాలి సోకిందేమో."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చదువులేని ముసలమ్మకి ఇంత శాస్త్రం ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయారు.

పోయింది సీసాలో మందని తెలిశాక ఆమె కొంగు విదిలించి నడుముకి దోపుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "నా బొమ్మ ఉందా, అదీ పోయిందా?" రీలు డబ్బాలో భద్రంగా ఉందన్నారు. అయితే ఇప్పుడే, నా ఎదుటే కడగండి, రేపటికి నా కళ్ళెలా ఉంటాయో అంది.

ఆఖరి పొట్లం విప్పారు. గైరమ్మ స్టూలు మీద కూర్చుని, ఊపిరి పీల్చుకుంటూనే కలపమంది, గోళీల జోలికి పోనివ్వలేదు. నీళ్ళు మంచివి, మందు తాజాది. వింతేమిటంటే, అన్నీ సరిగ్గా కుదిరాయి. ఇక మిగిలింది చీకటి. రీలు మీద చుక్క వెలుతురు పడినా బొమ్మ మాయమేనని మామయ్య మరీమరీ చెప్పాడు. తలుపు వేశారు, కిటికీకి దుప్పటి కట్టారు, గడప సందులో గోనె కుక్కారు. సన్నిబాబు డబ్బా తెరిచి రీలు బయటికి లాగి, రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు.

పైడయ్యకి మాత్రం అనుమానం తీరలేదు. ముసలమ్మకిది ఒక్కటే ఫోటో, ఏ సందులోంచైనా వెలుతురు దూరుతోందేమో నిదానంగా చూసుకోవడం పెద్దవాడి బాధ్యత అన్నాడు. అని, అగ్గిపుల్ల గీశాడు. తలుపు చూశాడు, కిటికీ చూశాడు, గడప చూశాడు. ఎక్కడా చుక్క వెలుతురు లేదని తృప్తిగా ఊదబోయాడు.

"ఆర్పకన్నయ్యా" అన్నాడు అప్పలకొండ. "సన్నిబాబు వెనకాల మూల ఇంకా చూడలేదు."