తాటాకంత సందు

ఇది మీ తాత పుట్టకముందు మాట. మా తాత కూడా పుట్టకముందు మాట. గోదారి మాత్రం అప్పటికే ఉంది, దాని పొగరూ ఉంది.

ఆ గోదారి నడుమ పందిరిలంక. లంకకి ఒకటే లాంచీ. లాంచీకి ఒకటే ఇంజను, అదీ ముసలిది. ఆ ఇంజనుకి దిక్కయిన మనిషి కూడా ఒక్కతే, మరిడమ్మ. ఆమె మొగుడు ఇంజను మేస్త్రీ. పోతూ పోతూ ఆమెకి పనీ పానాల పెట్టే వదిలిపోయాడు. పొద్దున పొగాకు ఆకులు గుచ్చేది, సాయంత్రం ఇంజను తుడిచేది. ఊళ్ళో ఆమెని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "ఏయ్ మసిదానా" అనేవాళ్ళు. నవ్వి ఊరుకునేది.

ఆ ఏడు ఇంజను మొత్తం విప్పింది. కిరసనాయిలుతో కడిగింది, అరిగినవి మార్చింది, మళ్ళీ బిగించింది. ఆఖరున వాల్వుల పని. వాల్వులు రెండు. ఒకటి గాలి పీల్చేది, ఒకటి పొగ వదిలేది. ఒక్కోదాన్నీ తట్టి తెరవడానికి పైన ఒక్కో ఇనపచెయ్యి. ఆ చేతికీ వాల్వుకీ మధ్య తాటాకు మందాన సందుండాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తాటాకు చీలిక దూర్చి చూడాలి. ఆకు కదలాలి, కానీ కాస్త పట్టుకుని కదలాలి. ఇనుము వేడెక్కితే సాగుతుంది కదా, ఆ సాగుడికి వదిలిన చోటు అది.

సందుంటే ఇంజను టకటకమంటుంది. అదే సోమాలుకి నచ్చలేదు. సోమాలు లాంచీ నడిపే సరంగు, మీసం మీద మహా మోజున్న మనిషి. అవతలి రేవువాళ్ళు "మీ లాంచీకి పళ్ళు కదిలాయా?" అని వెక్కిరిస్తే అతనికి తల కొట్టేసినట్టయింది. మరిడమ్మ లేనప్పుడు మూత విప్పి, రెండు సందులూ మూసుకుపోయేలా బిగించేశాడు. టకటక పోయింది. మీసం మెలేశాడు. పని తెలిసిన మనిషిని ఒక్క మాట అడిగితే ఏం పోయేది? అడగలేదు.

మరిడమ్మకి ఆ సంగతి తెలిసేలోపే, శ్రావణంలో వరదొచ్చింది. లంక మునగడం మొదలైంది. మొదటి విడత పిల్లల్నీ ముసలివాళ్ళనీ అవతలి గట్టున దింపారు. తిరిగొచ్చేటప్పుడు ఇంజను దగ్గింది, నీరసించింది, లంక చివరున్న తాటిచెట్టు దాకా వచ్చి ఆగిపోయింది. చెట్టుకి తాడు కట్టారు. మిగిలిన నలభైమందీ ఎక్కారు. అందులో మరిడమ్మ ఉంది, ఆమె కూతురు బుల్లెమ్మా ఉంది, నిండు చూలాలు.

ఇంజను తిప్పారు, రాలేదు. మళ్ళీ తిప్పారు, రాలేదు. మూడోసారీ రాలేదు. చెట్టు పడిందా, లాంచీ తిన్నగా సముద్రంలోకే.

మరిడమ్మ మూత విప్పి తాటాకు దూర్చబోయింది. దూరలేదు.

"ఎవడ్రా ఇది బిగించింది?"

సోమాలు తల దించుకున్నాడు. "నేనే అత్తా. సప్పుడొత్తందని..."

తిట్టడానికి వ్యవధి లేదు. వేడికి సాగిన ఇనుము వాల్వుల్ని మూసుకోనివ్వడం లేదు. ఇంజను దమ్మంతా అక్కడే పోతోంది.

"మరైతే వదులు చెయ్యి, బేగి!" అన్నాడు సోమాలు.

"వేడి మీద ఎంత వదలాలో నాకు తెలీదురా. సల్లగున్నప్పుడు తాటాకంత, అదొక్కటే తెలుసు. ఏదో ఉజ్జాయింపుగా బిగిత్తే నడేట్లో ఆగిపోద్ది. ఆరాలి."

ఇంజను మీద అరచెయ్యి ఆనించింది. పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే ఆరినట్టు. ఒకటి అనేలోపే చుర్రుమంది.

చెట్టు మొదట్లో మట్టి జారింది. లాంచీ ఊగింది. ఊరిపెద్ద గన్నిరాజు బిందె ఎత్తాడు. "సూత్తా కూర్సున్నావేంటే? నీళ్ళు పోత్తే అదే ఆరుద్ది!"

మరిడమ్మ అడ్డం నిలబడింది. "పొయ్యకండి బాబూ, ఇనుము పగిలిపోద్ది. ఇంకా ఆరలేదు."

మళ్ళీ చెయ్యి పెట్టింది. ఐదుదాకా ఓర్చుకుంది. చెట్టు ఏటి మీదికి వంగింది. సోమాలు ఏడుస్తూ ఆమె చేతిలో పానా లాక్కోబోయాడు. "అత్తా, నీ కాళ్ళట్టుకుంటాను, ఇప్పుడే బిగించు!"

"కాళ్ళు తర్వాత పట్టుకుందువుగాని, ముందు తాడట్టుకో. ఇంకా ఆరలేదు."

మూడోసారి చెయ్యి పెట్టింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. ఆరు, ఏడు, ఎనిమిది... చెట్టు వేరు ఒకటి ఫెళ్ళున తెగింది. బుల్లెమ్మ కడుపు పట్టుకుని కేకేసింది. "అమ్మా! నీకు దణ్ణం పెడతాను. నా బిడ్డ కోసమైనా కానియ్యవే!"

అంతసేపూ బెదరని మనిషి అప్పుడు బెదిరింది. కూతురి మొహం చూస్తే లొంగిపోతానని తెలిసి, అటు చూడలేదు.

"ఇంకా ఆరలేదు తల్లీ," అంది. చెయ్యి తియ్యలేదు.

తొమ్మిది. పది.

మరిడమ్మ చక్రం తిప్పి, రెండు వాల్వులూ మూసుకున్న చోట ఆపింది. ఆకు దూర్చి మర తిప్పింది. ఆకు లాగి చూసింది. కాస్త పట్టుకుని కదిలింది. రెండోదీ అలాగే చూసుకుంది.

"తిప్పరా!"

సోమాలు బలమంతా పెట్టి తిప్పాడు. ఇంజను టకటకా అందుకుంది. తాడు నరికేశారు. లాంచీ పాతిక బారలు పోయిందో లేదో, వెనక తాటిచెట్టు వేళ్ళతో సహా ఏట్లో కూలింది.

మూడోనాడు అవతలి గట్టున బుల్లెమ్మకి ఆడపిల్ల పుట్టింది. మరిడమ్మ ఆ పిల్ల పెళ్ళి కూడా చూసి, తరవాత పోయింది. దినం నాడు ఆడవాళ్ళు బుల్లెమ్మని అడిగారు: "అంత బతిమాలితే కాదంది గదా, నీకు కోపం రాలేదటే?"

"ఎందుకు రాలేదూ? నాకేసి సూడనైనా సూడలేదని నెల్లాళ్ళు ఏడిశాను," అంది బుల్లెమ్మ. "మాయమ్మ నా ఏడుపుకి లొంగుంటే, ఇయ్యాల ఏడవడానికి నేనుండేదాన్ని కాదు."

ఇప్పటికీ పందిరిలంక రేవులో, వానాకాలం మొదటిసారి లాంచీ తీసేముందు, సరంగు ఇంజను మీద చెయ్యి పెట్టి పది లెక్కపెడతాడు. అంతవరకూ లాంచీలో ఎవరూ పలకరు. ఇళ్ళల్లోనూ అంతే. మంత్రసానిని గానీ, వడ్రంగిని గానీ, పొయ్యి దగ్గరున్న ఇల్లాలిని గానీ ఎవరైనా తొందరపెడితే, పక్కనున్నవాళ్ళు ఒకటే మాటంటారు: "ఆగు, మరిడమ్మ ఇంకా చెయ్యి తియ్యలేదు."

ఎంత పెద్దమనిషైనా ఆ మాట వింటే నోరు మూసుకుని కూర్చుంటాడు.