మొగుడి డైలాగులు

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నాకు మిగిలిన ఆ రెండు పళ్లూ ఇప్పుడే ఊడి నా ఒళ్లో పడాలి.

నీలాద్రి మొదటి సినిమా తీస్తున్నాడు. మొగుడి శవం పక్కన భార్య ఏడ్చే షాటు. ఆ వేషం కట్టిన తెనాలి నాటకాల మాణిక్యం ఎంత ఏడ్చినా అతని కంటికి ఆనలేదు. "నటన కనబడుతోంది" అని గొణిగి, కెమెరా తిప్పమని సైగ చేసి, ఆమె చెవిలో ఒక మాట ఊదాడు.

"అమ్మా, మీ ఆయన్ని లారీ గుద్దిందట. పోయాడు."

ఇక చూడాలి ఆ ఏడుపు. లైట్లు పట్టుకున్నవాళ్లు ఏడ్చారు, పాడె మీద శవం ఏడ్చింది, క్యాంటీనులో ఆ పూట సాంబారుకి ఉప్పు వెయ్యక్కర్లేకపోయింది.

షాటు అయ్యాక నీలాద్రి నవ్వుతూ అసలు సంగతి చెప్పాడు. మాణిక్యం నమ్మలేదు.

"మీరు సినిమావాళ్లు. పోయినవాళ్లని బతికించడం మీకు మామూలే" అంది.

మొగుడు కోటిలింగాన్ని రప్పించారు. అతను సరిగ్గా మాట్లాడలేడేమోనని నీలాద్రే కాగితం మీద డైలాగులు రాసిచ్చి, ఒక్క ముక్క తప్పొద్దన్నాడు. కోటిలింగం చెమటలు కక్కుతూ చదివాడు. "బంగారం, నీ కోసం మృత్యువును గెలిచి వచ్చాను."

మాణిక్యం అతన్ని ఎగాదిగా చూసింది. "మేకప్ బాగానే కుదిరింది. ఈ ఆర్టిస్టుని ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

తెల్లచీరతో ఆ ఖాళీ పాడె పక్కనే కూర్చుండిపోయింది. తెల్లారినా లేవలేదు, అన్నం ముట్టలేదు. ఈ మనిషి ఇక మామూలు కాదేమోనని నీలాద్రి గుండెల్లో ఏనుగుల మంద తొక్కుతోంది. తనకు సినిమా నేర్పిన మస్తాన్ గారి దగ్గరికి పరుగెత్తి అంతా చెప్పుకున్నాడు.

"షాటు ఎట్లా వచ్చింది?" అన్నాడు ముసలాయన.

"అద్భుతం గురువుగారూ" అని నాలిక కరుచుకున్నాడు.

మస్తాన్ గారు సెట్టుకి వచ్చి మాణిక్యం ఎదురుగా చాప మీద చతికిలబడ్డాడు. శిష్యుడి ఫోను అడిగి తీసుకుని, ఏదో నొక్కి చెవిన పెట్టుకున్నాడు.

"అమ్మా, నేను మస్తాన్‌ని. మీ నీలాద్రి మీద పెద్ద లైటు విరిగి పడిందమ్మా. మీరు ఒక్కరే రావద్దు, ఎవర్నైనా తోడు తెచ్చుకోండి."

నీలాద్రి ఎగిరి ఫోను లాక్కున్నాడు. అది ఆపేసి ఉంది.

"అబద్ధమే" అన్నాడు గురువు.

అయినా నీలాద్రి దాన్ని ఆన్ చేసి తల్లికి ఫోన్ చేశాడు. "గారెలు మాడిపోతున్నాయిరా, పెట్టెయ్" అందామె. ఆమె పెట్టేశాక కూడా ఫోను చెవి దగ్గరే ఉంది.

"నిజం తెలిసింది కదా. ఫోనింకా దించలేదేం?" అన్నాడు గురువు.

నీలాద్రి ఫోను జేబులో పెట్టుకున్నాడు. వెళ్లి కోటిలింగం చేతిలో కాగితం తీసేసుకున్నాడు. "మీకు తోచిందే అనండి బాబాయ్."

కోటిలింగం కాసేపు నసిగాడు. తర్వాత కసిరాడు.

"తాళంచెవి బొడ్లో దోపుకుని ఇక్కడ కూచుంటే నేనెక్కడ పడుకోను? దోమలు రాత్రంతా నన్ను పీక్కుతిన్నాయి."

మాణిక్యం తల ఎత్తింది. చెయ్యి నెమ్మదిగా నడుం దగ్గరికి వెళ్లింది. తాళంచెవి తీసి చూసుకుంది. దాంతో పాటు మొగుడి మోకాలు కూడా పట్టుకుని, అప్పుడు ఏడ్చింది. గట్టిగా కాదు. పక్కనున్నవాళ్లకి కూడా వినబడలేదు.

నీలాద్రి రెండు చేతులూ తనకి తెలియకుండానే పైకి లేచాయి. వేళ్లు కెమెరా ఫ్రేములా చతురస్రంగా కూడి, వాళ్లిద్దర్నీ మధ్యలో పెట్టి చూస్తున్నాయి.

మస్తాన్ గారు ఆ చేతుల్ని కిందికి దించి, ఒక దాంట్లో మాణిక్యం సంచీ, ఇంకో దాంట్లో ఆమె టిఫిను క్యారియరు పెట్టాడు.

"వాళ్లని ఇంటిదాకా దింపి రా" అన్నాడు.