చుక్కకూర మొవ్వు

ఏం చూశారో ముందు చెప్పండి.

కరువు ఏడాది. దర్గా వంటసాల. చెరువు పూడిక పనికి పోయే కూలీలు బారుగా కూర్చున్నారు. వండి వడ్డించే కుళ్ళాయప్ప తన వంతు సంగటి ముద్దను చివర కూర్చున్న ముసలామె పళ్ళెంలో వేసి, తాను చెంబెడు నీళ్ళు తాగి లేచాడు. రోజూ ఇంతే.

త్యాగం చూశామంటారు మీరు. అక్కడున్నవాళ్ళూ అదే అన్నారు. చేతులెత్తి మొక్కారు కూడా. మొక్కుతుంటే కుళ్ళాయప్ప వద్దనలేదు. అదీ చూడండి.

ఓబులమ్మ ఒక్కతే మొక్కలేదు. పార పట్టీ పట్టీ అరచేతులు కాయలు కాసిన మనిషి.

"గాలి తిని బతికేదానికి నువ్వేమన్నా పామువా, కుళ్ళాయప్పా?" అంది.

"నాకు ఆకలి లేదక్కా."

"ఆకలి లేనోడి చేతిలో తెడ్డు ఎందుకు వణుకుతాంది?"

అంత పెద్ద గుండిగలో రాగి సంగటి కెలకడం అక్కడ కుళ్ళాయప్ప ఒక్కడికే చేతనవును. ఆయన పడితే పొయ్యి ఆరుతుంది. పొయ్యి ఆరితే ఆ బారులో ఉన్నవాళ్ళంతా పస్తు. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసీ మొక్కారు.

ఆ మధ్యాహ్నమే ఆయన తూలాడు. ఫకీరప్ప సామి భుజం పట్టి లాగకపోతే పొయ్యిలో పడేవాడు. సామి ఆ దర్గాకు పెద్ద, కుళ్ళాయప్పకు గురువు.

"తిను నాయనా," అన్నాడు సామి.

"వానలు పడేదాకా నా వంతు వాళ్ళదే సామీ. ఒట్టు పెట్టుకున్నా. ఉన్నదంతా ఇచ్చెయ్యమని మీరే కదా నేర్పింది."



తెల్లారి కుళ్ళాయప్ప గంప తీసుకుని చుక్కకూర మడికి పోయాడు. కూలీలు చేతులు కడిగిన నీళ్ళతో బతుకుతున్న మడి అది. పప్పులోకి ఆకు రోజూ ఆయనే కోస్తాడు. బయటి పక్క ఎదిగిన ఆకుల్ని కాడతో సహా గిల్లుతాడు. నడుమ ఉన్న లేత మొవ్వు జోలికి పోడు. అందుకే అంత ఎండలోనూ ఆ మడి ఆకునిస్తూనే ఉంది.

ఆ రోజు ఆయన కంటే ముందే సామి మడిలో కూర్చుని ఉన్నాడు. చేతిలో కొడవలి. ఒక మొక్కను మొవ్వుతో సహా మొదలంటా కోసి పక్కన పడేశాడు. రెండోది పట్టుకున్నాడు.

కుళ్ళాయప్ప ఉరికొచ్చి ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గురువు చెయ్యి అని కూడా చూడలేదు.

"ఏం చేస్తాండారు సామీ? మొవ్వు తెగితే అది మళ్ళీ ఎట్లా చిగురిస్తుంది?"

"జనం ఆకలి మీదున్నారు. ఉన్నదంతా ఇచ్చేస్తున్నా."

"ఇదంతా ఈ పూటకే అయిపోతుంది. రేపొచ్చేవాళ్ళకు ఏం పెడతాం? బయటి ఆకు ఎంతైనా తీసుకోండి. నడుమది మాత్రం దానికే వదలాల."

అనేశాక ఆ మాట తనకే తగిలి, పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

సామి కొడవలి కింద పెట్టాడు. పైపంచె కొంగున మూటగట్టి తెచ్చిన సంగటి ముద్దను విప్పి గట్టు మీద పెట్టాడు. రాత్రిది. చల్లబడి గట్టిపడింది.

"ఒట్టు సామీ..."

"ఆ ఒట్టు నేను మోస్తాలే. నువ్వు తెడ్డు మొయ్యి."

కుళ్ళాయప్ప గట్టు మీద కూలబడ్డాడు.  ముద్దంతా తిన్నాడు. చేతులు మడిలోనే కడుక్కుని, పొయ్యి రాజెయ్యడానికి పోయాడు.

నలుగురి కోసం నడుం కట్టినవాళ్ళారా, మిమ్మల్నే అడుగుతున్నా. ఈ పూట మీరు తిన్నారా?