జమాల్ స్వామి కుంటిన రోజు

దర్గా గంధం ఉత్సవానికి ఇంకా పదకొండు రోజులుందనగా పక్కీరప్పకు కుడికాలి చీలమండ పట్టుకుంది. పొద్దున మంచం దిగి నాలుగడుగులు వేస్తే కలుక్కుమనేది. కాసేపు నడిచాక సర్దుకున్నట్టే ఉండి, సాయంత్రానికి మళ్ళీ మొదలయ్యేది. ఆ సంగతి అతను పెళ్ళానికి కూడా చెప్పలేదు.

చెబితే ఎలా? పెన్నేటి అవతలి ఒడ్డున ఉన్న దర్గాకు గంధం కుండ మోసుకుపోయేది ఏడాదికి ఒక్కడే. ఆ ఒక్కడెవరో గురువు జమాల్ స్వామి చెప్పాలి. పన్నెండేళ్ళు శిష్యరికం చేశాక పక్కీరప్ప పేరు ఈ ఏడు పిలిచారు. పరుపులు కుట్టుకుని బతికే ఆ మనిషి, సంతోషం పట్టలేక, కుట్టిన పరుపునే మళ్ళీ కుట్టాడు ఆ రోజు.

జమాల్ స్వామి ఎనభై దాటిన సూఫీ. ముస్లింలకూ హిందువులకూ అందరికీ స్వామే. కాళ్ళు మొరాయించి ఆరేళ్ళుగా ఏరు దాటలేదు. గంధం రోజున ఇవతలి ఒడ్డు మీద కుర్చీ వేయించుకుని, గుంపు దర్గా చేరేదాకా కళ్ళు చికిలించి చూసి, చూసింది చాల్లెమ్మని ఇంటికి వెళ్ళిపోతాడు.

నిరుడు కుండ మోసిన మాబుసాబు మైలున్నర ఇసుకను అరగంటలో దాటేశాడు. ఊరు ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటుంది. మాబుసాబు అయితే ఇంకా ఎక్కువ చెప్పుకుంటాడు. అది వినీ వినీ పక్కీరప్పకు ఒళ్ళు మండిపోయింది. "నేను ఇరవై ఐదు నిమిషాల్లో పోతా, చూస్కోండి" అని టీ అంగడి దగ్గర అందరి ముందూ అనేశాడు.

అన్నాక ఊరుకుంటాడా? ఇత్తడి బిందె నిండా నీళ్ళు పోసి నెత్తికెత్తుకుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఏరు దాటి వచ్చేవాడు. నిన్నటిదాకా రోజంతా కూర్చుని సూది పొడిచిన మనిషి, ఉన్నట్టుండి ఇసుకలో పరుగులాంటి నడక మొదలుపెట్టాడు. నొప్పి వచ్చినా మానలేదు. పైగా దర్గాలోని వలీ మహాత్ముడు తనను పరీక్షిస్తున్నాడని లోపల్లోపల సంబరపడ్డాడు కూడా.

ఒక సాయంత్రం బిందెతో ఏట్లోకి దిగబోతుంటే, గట్టు మీద స్వామి నిలబడి ఉన్నాడు.

"పక్కీరప్పా, కాలు ఎట్లుండాది?"

"ఏ కాలు స్వామీ?"

"ఉండేది రెండే కదప్పా. నీకు ఏది ఇష్టమైతే దాని సంగతి చెప్పు."

"రెండూ బ్రహ్మాండంగా ఉండాయి స్వామీ."

"అయితే ఆ నీళ్ళ పక్కన రవ్వంత దూరం నడువు. చూస్తా."

ఎండాకాలపు పెన్నేరు. ఒక పక్కన సన్నటి పాయ పారుతోంది. దాని వెంబడి తడి ఇసుకలో పక్కీరప్ప పళ్ళు బిగించి, రొమ్ము విరుచుకుని ముప్పై అడుగులు నడిచాడు. ఎంత బాగా నడిచానో చూశావా అన్నట్టు వెనక్కి తిరిగాడు.

స్వామి చెప్పులు విడిచి, లుంగీ పైకి దోపుకుని, అతని మొదటి అడుగులో తన పాదం పెట్టాడు. అడుగు ఎట్లా పడి ఉంటే పాదాన్ని అట్లాగే వంచి పెట్టాడు. తర్వాతి అడుగు అందుకోవడానికి ముసలాయన చేతికర్ర ఆనించి కాలు బారగా చాచాల్సి వచ్చింది. ఆరో అడుగుకు కుంటడం మొదలుపెట్టాడు. పదో అడుగుకు "యా అల్లా" అంటూ ఇసుకలో చతికిలబడ్డాడు.

పక్కీరప్ప బిందె వదిలేశాడు. నీళ్ళన్నీ ఇసుక పాలయ్యాయి. పరుగున వచ్చి స్వామి ముందు కూలబడ్డాడు.

"ఏమాయె స్వామీ! కాలు బెణికిందా?"

"నన్నడుగుతావేమప్పా? అవి నా అడుగులా?"

పక్కీరప్ప అప్పుడు చూశాడు. ఎడమ పాదం ముద్రలు నిండుగా, సమంగా పడ్డాయి. కుడి పాదానివి బయటి అంచు మాత్రమే లోతుగా దిగి, లోపలి పక్క ఇసుక తాకీ తాకనట్టుంది. అడుగుకూ అడుగుకూ మధ్య దూరం చూస్తే, ఎవడో కుక్క తరిమితే పారిపోయినట్టుంది. గట్టు దగ్గర విడిచిన తన చెప్పులు తెచ్చి తిరగేశాడు. కుడిచెప్పు మడమ బయటి పక్క అరిగిపోయి కాగితంలా తయారైంది. పాత పరుపు తడిమి ఆ ఇంటాయన ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో చెప్పగల మనిషి, తన చెప్పును ఒక్కనాడూ తిరగేసి చూసుకోలేదు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

"స్వామీ, కుండ ఇంకెవరికన్నా ఇస్తావా?" అన్నాడు.

స్వామి అతని కాలు ఒళ్ళోకి తీసుకుని వేళ్ళతో నొక్కాడు.

"ఎముక మీద నొప్పి ఉండాదా?"

"లేదు స్వామీ. దాని కింద, మెత్తట్లో."

"ఎముక మీదుంటే ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపేవాణ్ణి." స్వామి తన తలగుడ్డ విప్పి, పాయలో తడిపి, చీలమండ చుట్టూ బిగించీ బిగించనట్టు కట్టాడు. "నాలుగు దినాలు బిందె ముట్టొద్దు. ఆ చెప్పులు పారెయ్. పొద్దునా మాపూ కాలు ఈ నీళ్ళలో పెట్టి, బొటనవేలితో అ ఆలు రాయి."

"కాలితో అక్షరాలా? పాపం కదా స్వామీ?"

"నీళ్ళలో రాసింది ఎవరు చదువుతారప్పా? రాయి. మన అక్షరాలు గుండ్రంగా ఉండాయి. కీలు బాగా తిరుగుతుంది."

పక్కీరప్ప రాశాడు. మొదటి రోజు 'అ' సగం రాసేసరికి చీలమండ పట్టేసింది. మూడో రోజుకు 'ఔ' దాకా వచ్చాడు. అయిదో రోజు హల్లులన్నీ పూర్తిచేసి, ఆ ఊపులో మాబుసాబు పేరు కూడా రాసి, నవ్వుకుని, కాలితో చెరిపేశాడు. తర్వాత వట్టి చేతులతో సగం ఏరు నడిచాడు. ఆ తర్వాత అర బిందెతో. నొప్పి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఎక్కడో మూల కూర్చుని ఉంది.

గంధం రోజు రానే వచ్చింది. ఎండ దిగగానే డప్పులు మోగాయి. ఊదుపొగ, మల్లెపూలు, ఏటి గట్టు నిండా జనం! స్వామి కుర్చీలోంచి లేచి, గంధం కుండను పక్కీరప్ప నెత్తిన పెట్టాడు. దర్గా గడప మీద దించేదాకా కుండ నేల తాకకూడదు, మోసేవాడు వెనక్కి తిరగకూడదు.

"ఇరవై ఐదు నిమిషాలన్నావే!" మాబుసాబు ఫోన్ పైకెత్తి చూపించాడు. "టైము మొదలు పెట్టినా!"

జనం ఈలలు వేశారు. డప్పు జోరందుకుంది. పక్కీరప్ప కాళ్ళు వాటంతటవే బారలు చాచాయి. ఇరవై అడుగులు పడ్డాయో లేదో, చీలమండ కలుక్కుమంది.

ఆగిపోయాడు. డప్పులు తడబడి ఆగాయి. వెనక అంత జనమూ గుసగుసలాడడం వినిపించింది. కుండ బరువు కంటే ఆ గుసగుసలే బరువనిపించాయి అతనికి.

"నాకు కాలు నొప్పిగా ఉండాది," అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేట్టు. "నిదానంగా పోతా. మీరూ నిదానంగా కొట్టండప్పా."

డప్పులవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత పెద్దాయన ఒకడు మెల్లగా దరువు మార్చాడు. ఆ దరువుకు పక్కీరప్ప చిన్న చిన్న అడుగులు వేశాడు, పాదం నిండా ఆనించి. ఎంత హాయిగా ఉంది! ఎప్పుడూ వెనకబడిపోయే ముసలమ్మలు అతని పక్కకు వచ్చేసి పాట ఎత్తుకున్నారు. జనమంతా గొంతు కలిపారు. పక్కీరప్పకు కళ్ళనీళ్ళు వచ్చాయి, నవ్వూ వచ్చింది. ఏరు ఎప్పుడు అయిపోయిందో అతనికి తెలియలేదు.

దర్గా గడప మీద కుండ దించి, అప్పుడు వెనక్కి తిరిగి బయల్దేరిన ఒడ్డు వైపు చూశాడు. అంత దూరాన చుక్కలా కనిపిస్తున్న స్వామి కుర్చీ ఖాళీగా ఉన్నట్టుంది.

"యాడ చూస్తాండావప్పా?"

స్వామి అతని పక్కనే నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా ఇసుక, ఆయాసం, ముఖం నిండా చెమట. ఆయన వచ్చిన దారిలో, జనం తొక్కనంత మేరా, ఒకే ఒక్క వరస అడుగులున్నాయి, పక్కీరప్పవి. వాటిలోనే పాదాలు పెట్టుకుంటూ వచ్చాడాయన.

మాబుసాబు ఫోన్ పట్టుకుని వచ్చాడు. "యాభై నిమిషాలు పట్టింది స్వామీ!"

జమాల్ స్వామి పక్కీరప్ప భుజం మీద చెయ్యి ఆనించి దర్గా గడప తాకాడు.

"నాకు ఆరేండ్లు పట్టింది," అన్నాడు.