మంగతాయి దాచిన మాట

శిష్యులు ప్రశ్న అడిగితే విశ్వంభరస్వామి వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించేవారు. కడుపులో గడ్డ లేచి, ఇక ఏడాదికి మించి బతకవని వైద్యుడు తేల్చిన నాడు శిష్యుడు పూర్ణయ్య ఆయన ముందు కూలబడ్డాడు.

"ఈ రోగానికి అర్థమేమిటి స్వామీ?"

"మంత్రసాని మంగతాయికి గొంతులో రాచపుండు. చూసే దిక్కు లేదు. వెళ్లి కాసిని నీళ్లు తాగించు."

పూర్ణయ్య మనసు చివుక్కుమంది. అయినా వెళ్లాడు. ఊళ్లో సగంమందికి పురుడుపోసిన మనిషి చెంచాడు నీళ్లు మింగలేక పెనుగులాడుతోంది. నాలుగో రోజున ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"గొంతు పూర్తిగా పోకముందే ఒకటి చెప్పాలి నాయనా. కుమ్మరి పేరిందేవికి తొలికాన్పులో చచ్చిన బిడ్డ పుట్టిందన్నాను. అబద్ధం. ఊపిరితోనే పుట్టింది. ఒళ్లంతా నీలం, బతకదని తెలిసిపోయింది. తల్లి తట్టుకోలేదని అవతలికి తీసుకుపోయాను. పొద్దెక్కేదాకా నా ఒళ్లోనే ఉండి కన్నుమూసింది. ఇరవై రెండేళ్లయింది. ఎవరికీ చెప్పలేదు."

పూర్ణయ్య కడుపు చేత్తో అదిమిపట్టుకుని, ఆగి ఆగి నడిచి వెళ్లి పేరిందేవిని పిలుచుకొచ్చాడు. మంగతాయి మాటమాటకీ నెత్తురు ఉమ్ముతూ అంతా మళ్లీ చెప్పింది.

"ఏడ్చిందా నా బిడ్డ?" అంది పేరిందేవి.

"ఏడ్చే ఓపిక లేదమ్మా దానికి. నా వేలు పట్టుకుంది."

"ఒక్కసారి ఎత్తుకోనివ్వలేదే నన్ను!"

పేరిందేవి గోడకు తల బాదుకుంది. లేచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "జుట్టుందా? ఎవరి పోలిక?" అని అడిగింది. ఆ మర్నాడూ వచ్చింది. అప్పటికి మంగతాయికి మాట పోయింది. అడిగినవాటికల్లా చేతులతోనే చెప్పింది. మరి రెండు రోజులు విలవిల్లాడి ప్రాణం విడిచింది.

పూర్ణయ్య తిరిగివచ్చాడు.

"మంగతాయి బాధ రవ్వంతైనా తగ్గలేదు స్వామీ. పేరిందేవి క్షమించానని ఒక్క ముక్క అనలేదు. ఇందులో అర్థమెక్కడుంది?"

"పేరిందేవి ఏం చేస్తోంది?"

"బిడ్డకు పేరు పెట్టుకుంది. ఆ పేరు తలుచుకుని ఏడుస్తోంది."

స్వామి పూర్ణయ్య వైపు తిరిగారు.

"నీకింకా ఏడాది ఉంది. నీ నోటి మాట కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు, నాయనా?" అన్నారు.